వెనక కాగితం మీద ఆఖరి అభిప్రాయం

గురువారం, మధ్యాహ్నం మూడుంబావు. పొరపడే వీలు లేదు, ఆ పుస్తకం చివరి ఖాళీ కాగితం మీద నా చేత్తోనే రాశాను. మొన్న గరివిడిలో అక్క ఇంటి అటక దులుపుతుంటే దొరికింది. చెదలు అంచులు తిన్నాయి గానీ నా వంకర అక్షరాల జోలికి పోలేదు.

అక్క మొగుడు, మా బావ, ఫ్యాక్టరీలో ఫర్నేసు దగ్గర పనిచేసేవాడు. ఆ వేడంతా నాలిక మీదికి తెచ్చుకున్నాడు. డ్యూటీ దిగితే స్టేషన్ రోడ్డులో అద్దె పుస్తకాల కొట్టుకే. అక్కడ అందరూ చదివేవి ఒకే వరస డిటెక్టివ్ నవలలు. భాగం తర్వాత భాగం వచ్చేది. మా పిల్లలు పెళ్లీడుకొచ్చినా ఆ డిటెక్టివ్‌కి ఒక్క వెంట్రుక నెరవలేదు. ఆ కొట్టుకో పద్ధతి ఉండేది: చదివినవాళ్లు వెనక కాగితం మీద అభిప్రాయం రాసి సంతకం పెట్టాలి. "మధ్యలో నిద్రొచ్చింది" అని ఒకరు, "ఈయనకి పెళ్లి చేస్తే గానీ కుదురు రాదు" అని ఇంకొకరు. బావ దర్జా వేరు. ఆఖరి అధ్యాయం ముందు పుస్తకం మూసి, హంతకుడెవరో కొట్టులో అందరికీ చెప్పేసేవాడు. ఒక్కసారీ తప్పలేదు. మిగతావాళ్లకి మిగిలేది ఉప్పులేని కూరే.

నాకు అక్షరాలు నలభై ఆరో ఏట వచ్చాయి, పంచాయతీ ఆఫీసు అరుగు మీద నడిచే రాత్రిబడిలో. మొదట పూర్తిగా చదివిన పుస్తకం ఆ వరసలోదే; పాత భాగాలు ఎవరో చదువుతుంటే విన్నవే. నెల పట్టింది. వెనక ఇలా రాశాను: "ప్రతి భాగంలోనూ ముందు పనిమనిషినే అనుమానిస్తాడు. ఇన్ని కేసులు పట్టినా ఈ మనిషికి బుద్ధి రాలేదు." వారం తిరక్కుండా దాని కింద బావ దస్తూరి: "వేలిముద్ర వేసేవాళ్లు కూడా అభిప్రాయాలు చెప్పే రోజులొచ్చాయి." కొట్టువాడు గట్టిగా చదివి వినిపించాడట, ఉన్నవాళ్లంతా పడిపడి నవ్వారట. తనూ నవ్వానని అక్కే చెప్పింది. తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా వెనక ఒక్క ముక్క రాయలేదు నేను.

ఏళ్లు గడిచాక షుగరు బావ కళ్లు తీసేసింది, తర్వాత కాలు. అప్పుడొచ్చింది ఆ వరసలో ఆఖరి భాగం. అక్కకి అక్షరం రాదు. నాకు కబురు పెట్టాడు.

"ఒసే, నువ్వే సదవాల. ఇది ఇనకుండా నాను పోను."

పన్నెండు మధ్యాహ్నాలు చదివాను. తడబడితే ఊరుకునేవాడు కాదు. "కొత్తవలస కాడ ఆగిపోయిన గూడ్సు బండిలాగ ఏటే ఆ సదువు!"

ఆ గురువారం ఆఖరి అధ్యాయం. సాక్షి కావాలని కొట్టువాణ్ణి పిలిపించాడు. "డాక్టరే సంపినాడు. ఇంక సదువు," అన్నాడు. పేజీ తిప్పాను. డాక్టరే. నల్లగా అచ్చయి ఉంది.

"పనిమనిషి," అని చదివాను.

ఆ మాట ఎందుకొచ్చిందో తెలియదంటే అబద్ధం. ఎక్కడా ఆగకుండా, పుస్తకంలో లేని పేజీన్నర చదివాను. అంత ధారాళంగా నేనెప్పుడూ చదవలేదు. కొట్టువాడికి అసలు సంగతి తెలుసు, ముందే చదివాడు. నా వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. అతన్నీ బావ ఏళ్ల తరబడి నలుగురిలో "అద్దె బుర్ర" అనేవాడు మరి. అక్క మాత్రం, "ఒకపాలైనా ఓడిపోనావు!" అని చప్పట్లు కొట్టింది.

బావ నా వైపు తల తిప్పాడు.

"నువ్వు ఎనకేసుకొచ్చిన మనిషే సంపిందన్నమాట," అన్నాడు. "రాయే. ఈ భాగంలో నాను ఓడిపోనాను. సదివింది మా మరదలు. అలాగ రాసి నీ సంతకం ఎట్టు. ఆ రోజు నాను రాసింది తప్పేనే."

నా అభిప్రాయం ఆయనకి గుర్తుంది. రాశాను, వారమూ గంటా కూడా వేశాను. ఆ తర్వాత ఆరు రోజులు బతికాడు. ఆరు రోజులూ మంచం పక్కన కూర్చుని జావ తాగించాను. నిజం చెప్పలేదు.

కొట్టువాడు ఎన్నడూ తిరిగి అడగని ఆ పుస్తకాన్ని మళ్లీ అటక మీదే పెట్టాను. ఏళ్లు గడిస్తే తప్పు పలచబడుతుందంటారు. నా సంతకం సిరా మాత్రం పలచబడలేదు. ఆ రోజు అక్కడున్నవాళ్లం నలుగురం: ఓడిపోయాననుకున్న బావ, చప్పట్లు కొట్టిన అక్క, కిటికీ వైపు చూసిన కొట్టువాడు, చదివిన నేను. ఐదోది ఆ పుస్తకంలో పనిమనిషి. ఆమె ఏ పాపమూ ఎరగదు.