అమ్మ మీద నాయన చొక్కా

మా చిన్నప్పుడు... శనగ పీకే రోజుల్లో మా అమ్మ చీర మీద నాయన ఫుల్ చేతుల చొక్కా తొడుక్కునేది. కోయిలకుంట్ల పక్కన మా ఊళ్లో చేనికి పోయే ఆడవాళ్లందరిదీ అదే వేషం. మోకాళ్ల దాకా ఎగ్గట్టిన చీర, పైన నీలం గీతల చొక్కా, తలకు తువ్వాలు... జేబులో ఆకూ వక్కా.

చేన్లో ఉన్నంతసేపూ నాకే ఇబ్బందీ లేదు. ఆ వేషంతోనే ఒకరోజు బడికి వచ్చేసింది... గొడవంతా అక్కడ మొదలైంది.

అప్పుడు నేను ఏడో తరగతి. ఆ రోజు క్యారియర్ మరిచిపోయి వెళ్లాను. అమ్మ చేను నుంచి నేరుగా వచ్చి, మా క్లాసు కిటికీ దగ్గర నిలబడి "పాపా, సద్ది మర్సిపోతివే" అంది.

వెనక బెంచీలో ఎవరో "మగరాయుడొచ్చినాడు" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేను క్యారియర్ అందుకుని, అమ్మ ముఖం కూడా చూడకుండా వచ్చి కూర్చున్నాను. రాత్రి కడుపునొప్పి అని చెప్పి అన్నం తినలేదు.

వారం తిరక్కుండా బడి వార్షికోత్సవం వచ్చింది. నాకు వ్యాసరచనలో ప్రైజు... అమ్మానాయనల్ని పిలుచుకుని రమ్మన్నారు. ప్రైజు వచ్చిందన్న సంతోషం కంటే అమ్మ ఎట్లా వస్తుందోనన్న దిగులే నాకు ఎక్కువైంది.

సరిగ్గా అప్పుడే కర్నూలు హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే మా అక్క సెలవుకు వచ్చింది. క్లాసులో నవ్విన సంగతి దానికొక్కదానికే చెప్పాను. అక్క "అమ్మను మార్చాల్సిందే మే" అంది. అమ్మతో మాత్రం అసలు సంగతి చెప్పకూడదని, కర్నూల్లో ఆడవాళ్లందరూ ఇట్లనే తయారవుతారని చెప్పాలని ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం.

వార్షికోత్సవం రోజు అమ్మ చేనికి పోలేదు. పొద్దున ఆమె స్నానానికి పోయినప్పుడు వీధిలో పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆమె కేక వినిపించింది. అక్కా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం... దండెం మీదున్న అమ్మ చొక్కాలు రెండూ తెచ్చి ఆమె ముందు పడేశాం. కాలర్లు తిప్పి చూసి, చంకలో చిరుగులు చూసి, ఆమె పెదవి విరిచింది. నాయన పాత ప్యాంటు కూడా కలిపితే ఒక చిన్న గిన్నె ఇచ్చింది. పీడా పోయిందనుకున్నాం.

ఇక అలంకారం... ట్రంకు పెట్టె అడుగున ఎప్పుడో మా మామ పెట్టిన ఆకుపచ్చ జార్జెట్ చీర ఉండేది. "ఇది జారిపోతాది మే, నాకు దీన్తో నడ్సేకి రాదు" అని అమ్మ ఒకటే గోల. డబ్బాలో ఉన్న పిన్నులన్నీ పెట్టేశాం. రూపాయి బిళ్లంత కుంకుమ తుడిచి స్టిక్కర్ అంటించాం. నూనె కారే ముడి విప్పి వదులుగా జడ వేశాం.

అప్పుడు చూశాం ఆమె చేతులు... చొక్కా కప్పినంత మేరా తెల్లగా, మణికట్టు నుంచి కిందికి నల్లగా. అక్క అరడబ్బా పౌడరు పూసింది. అయినా కలవలేదు.

"ఏంది పాపా, నన్ను పెండ్లికూతుర్ని చేస్తాండారా?" అంటూనే అమ్మ అద్దంలో రెండుసార్లు చూసుకుంది.

నాయన గడపలోనే ఆగిపోయి "ఎవురమ్మా మీరు, ఎవురింటికొచ్చినారు?" అన్నాడు.

"సాల్లే" అని అమ్మ లోపలికి పోయింది. ఆమె అట్లా సిగ్గుపడటం నేను మొదటిసారి చూశాను.

బడిలో అంతా బాగానే జరిగింది. పిన్నులు ఊడతాయేమోనని అమ్మ కుర్చీలో వెనక్కి కూడా వాలలేదు. నా పక్కనున్న పిల్ల "మీ అమ్మ శానా బాగుండాది" అంది. నాకు ఆ మాట ముందు ప్రైజు ఏపాటిది... గాల్లో తేలుతూ ఇంటికొచ్చాను.

మరునాడు తెల్లారుజామున అమ్మ దండెమంతా వెతికింది. "చొక్కాలు యాడ పోయినాయి మే?" అక్క నన్ను చూసింది. నేను ఇంటి పైకప్పు చూశాను. అమ్మ అలమరలో ఉన్న కొత్త గిన్నె చూసింది... మమ్మల్ని చూసింది. నాయన మంచి చొక్కాలు ముట్టుకోకుండా, ఉత్త చీరా రవికతోనే చేనికి పోయింది.

మేం బడి పిల్లలం. శనగాకు పుల్లగా ఉంటుందని తెంపుకుని తినడమే తెలుసు. ఆ పులుపు మంచుకు తడిసి చేతులకు అంటితే చర్మం మండుతుందని తెలియదు. సాయంత్రం అమ్మ వచ్చేసరికి ఆమె చేతులు మోచేతుల దాకా ఎర్రగా పొక్కిపోయి ఉన్నాయి. అక్క కొబ్బరినూనె రాస్తూ ఏడ్చింది.

"గిన్నె బాగుండాదిలే, పెరుగు తోడు పెట్టేకి సరిపోతాది" అని అమ్మ నవ్వింది.

తర్వాత నన్ను దగ్గరికి పిలిచి, మెల్లగా అడిగింది... "నిన్న నీ స్నేహితులు ఎవురూ నగలేదు గదా?"

ఆ రోజు కిటికీ దగ్గర అమ్మ అంతా వినిందని నాకు అప్పుడు అర్థమైంది. వినీ ఒక్క మాట అనలేదు. నాకోసమే అన్ని పిన్నులు గుచ్చించుకుని కూర్చుంది. ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు.

ఇప్పుడు మా చేన్లో శనగ మిషన్ కోస్తోంది. చీర మీద చొక్కా వేసుకునే వాళ్లు అరుదైపోయారు. అమ్మను తయారుచేసే పని నా కూతురు తీసుకుంది... మొన్న మ్యాచింగ్ గాజులు, నిన్న చుడీదార్. అమ్మ అన్నిటికీ సరేనంటుంది. అంతా అయ్యాక మాత్రం నా వైపు తిరిగి "బాగుండానా పాపా?" అంటుంది.

ఏం కట్టుకున్నా "శానా బాగుండావు మా" అంటాను. ఆ కిటికీ దగ్గర, క్లాసంతా నవ్వుతున్నప్పుడు అనాల్సిన మాట అది...

మీరూ మీ అమ్మను ఎప్పుడైనా ఇట్లా మార్చబోయారా? ఆమె ఏమందో రాయండి... చదువుతాను.