బల్ల అక్కర్లేని కంప్యూటర్

నేను ఇంట్లోనే పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. మా ఆయనకు వరంగల్ బజారులో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. అత్తమ్మ, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, రెండు గదుల ఇల్లు. కంప్యూటర్ కొనుక్కుంటానంటే అత్తమ్మ ఒక్కటే అడిగింది, దాన్ని ఎక్కడ పెడతావని.

అందుకే చిన్న మదర్‌బోర్డు వెతికాను. మినీ ఐటీఎక్స్ అంటారు దాన్ని, జానెడు కూడా ఉండదు. సౌండు, వైఫై అన్నీ దాని మీదే ఉంటాయి. బిగించాక మొత్తం పెట్టె టిఫిన్ డబ్బా కంటే కాస్త పెద్దది, అంతే. కరెంటు తక్కువ, చప్పుడు లేదు, టీవీకే తగిలించుకోవచ్చు. నా పనికి అది చాలు, గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? ఇవన్నీ ఇంట్లో వకీలులా వాదించాను. దీనికి బల్ల కూడా అక్కర్లేదని చివర్లో నేనే జోడించాను. గెలిచాను కూడా.

నిజంగానే అది ఎక్కడైనా సర్దుకుంది. ఫ్రిజ్ మీద, బియ్యం డబ్బా మీద, కుట్టుమిషన్ మీద. చుట్టాలొస్తే బీరువాలోకి పోయేది. పిల్లలు కార్టూన్ అంటే నేను లేవాలి. మేడారం జాతర ఫ్లెక్సీల పని మీద పడినప్పుడు టీవీ ముందు కింద కూర్చుని, మౌసు పీట మీద పెట్టుకుని చేశాను. నడుము పట్టేసింది. పెద్దది కొని ఉంటే దానికో బల్ల, ఆ బల్లకో మూల తప్పక ఇచ్చేవారు కదా అని అప్పుడు తోచింది. ఎవరి మీద కోపం తెచ్చుకోను? నేను చెప్పినవన్నీ ఆ బోర్డు చేసింది.

ఈ మధ్య పైన మూడు గదులు వేశాం. గది కాకపోయినా, కిటికీ పక్కన ఒక బల్ల కావాలని అడిగాను. మా ఆయన వెక్కిరించలేదు, మెచ్చుకున్నట్టే అన్నారు.

"నీ దానికి జాగా ఎందుకే? ఏడ పెట్టినా పని చేస్తది గదా. నువ్వే చెప్పినవ్."

ఇంత మంచి సామాను ఇంట్లో ఇంకోటి లేదని అత్తమ్మ కూడా అంది. ఏడుపొచ్చింది. కానీ పొగుడుతున్న వాళ్ల ముందు ఎలా ఏడుస్తాం?

కరెంటు పనికి వచ్చినతను మాత్రం అడిగాడు.

"అక్కా, కంప్యూటర్ పాయింట్ ఏడ పెట్టాలె?"

గోడ మీద గుర్తు పెట్టమని సుద్దముక్క నా చేతికిచ్చాడు. అవి ఖాళీ గదులే. అయినా ఏ గోడకు ఏం రావాలో ముందే తేలిపోయింది. పిల్లల మంచాలు, అత్తమ్మ దేవుడి పటాలు, బీరువా, దుకాణం అట్టపెట్టెలు. సుద్దముక్క పట్టుకుని మూడు గదులూ తిరిగి, దాన్ని అతనికే తిరిగి ఇచ్చేశాను.

"ఏడ వీలైతే ఆడ పెట్టు తమ్మీ" అన్నాను.

అతను కాసేపు చూసి మెట్ల మలుపు దగ్గర గీత గీశాడు. అక్కడ ఒక మనిషి నిలబడటానికి మాత్రమే చోటుంది.