గగనవీరను వాళ్ళక్క కాపాడిందా, లేదా?

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున టీవీలో 'గగనవీర' వచ్చే వేళకి మా అశోక్‌నగర్ గల్లీ పిల్లలమంతా శ్రీకాంత్ వాళ్ళ ముందు గదిలో చాప మీద ఇరుక్కుని కూర్చునేవాళ్ళం. కలర్ టీవీ వాళ్ళకే ఉండేది మరి... శ్రీకాంత్, నేను ఒకే క్లాసు.

గగనవీర మాకు కొత్తవాడేం కాదు. టీవీలోకి రాకముందే చిక్కడపల్లిలో కామిక్స్ కిరాయికిచ్చే కొట్టు నుంచి తెచ్చుకుని, అట్టలు ఊడిపోయేదాకా చదివినవాళ్ళం. ఆకాశంలో ఎగిరే వీరుడు. నీలం డ్రెస్సు, వీపున ఎర్రటి వస్త్రం...

నాకు మాత్రం వాళ్ళక్క తారక అంటే ప్రాణం. ముందు ఎగరడం నేర్చుకున్నది ఆమె. తమ్ముడికి నేర్పింది ఆమె. మండుతున్న కోటలో రాక్షసుడు గగనవీరను గొలుసులతో కట్టేస్తే, మంటల్లోకి దూకి, తమ్ముణ్ణి భుజాన వేసుకుని ఎగిరిపోయింది కూడా ఆమే! ఆ బొమ్మ చూస్తూ నేను అన్నం తినడం మర్చిపోయేదాన్ని.

ఆ కథే టీవీలో వస్తుందని తెలిసింది. ఇంక నా ఆనందం చూడాలి... ఆదివారం అందరికంటే ముందు వెళ్ళి కూర్చున్నాను. కోట వచ్చింది. మంటలు వచ్చాయి. తీరా చూస్తే, స్తంభానికి కట్టేసి ఉన్నది తారక! పట్టుచీర, తలనిండా పూలు, "తమ్ముడూ, కాపాడూ!" అని ఒకటే ఏడుపు. గగనవీర కిటికీలోంచి ఎగిరొచ్చి, "భయపడకక్కా, నేనొచ్చాను!" అన్నాడు.

"అబద్ధం!" అంటూ లేచి నిలబడ్డాను.

శ్రీకాంత్‌కి కోపం వచ్చింది. "ఏందే అబద్ధం? టీవీల అబద్ధం జూపిస్తరా?"

"పుస్తకంలో అక్కే కాపాడింది. నువ్వూ చదివావుగా!"

"పుస్తకంల తప్పు వడ్డదేమో. గందుకే టీవీల మంచిగ జేసిన్రు. హీరోను ఆడివిల్ల కాపాడ్తదా యాడనన్న?"

అంతే... చెప్పులేసుకుని ఇంటికొచ్చేశాను.

ఆ రోజుతో గల్లీ రెండుగా చీలిపోయింది. పుస్తకం పార్టీ, టీవీ పార్టీ. నారాయణగూడలో బడి నుంచి ఇంటిదాకా దారంతా అదే వాదన. నేను పంతంకొద్దీ శ్రీకాంత్ వాళ్ళింటికి వెళ్ళడం మానేశాను. ఆదివారం వాళ్ళ కిటికీలోంచి సీరియల్ పాట వినిపిస్తుంటే, మా వరండాలో చెవులు మూసుకుని కూర్చునేదాన్ని. పూర్తిగా మూసేదాన్ని కాదు లెండి...

ఇంతలో వినాయక చవితి వచ్చింది. గల్లీలో మండపం వేయించే మల్లేశన్న పిల్లల నాటకానికి ఒక సాయంత్రం ఇచ్చాడు. గగనవీరే వెయ్యాలని అందరం ఒప్పుకున్నాం. మండే కోట సీను దగ్గర మళ్ళీ యుద్ధం... మల్లేశన్న వచ్చి, "కొట్లాడుడు బంద్! అందరు కల్సి చేస్తెనే నాటకం. లేకుంటే లేదు" అన్నాడు. చీట్లు వేశారు. టీవీ పార్టీ గెలిచింది.

తారక వేషం నాది. అంటే కట్టేయించుకుని ఏడవాల్సింది నేనన్నమాట! ఇంట్లో మూతి ముడుచుకుని కూర్చుంటే అమ్మ, "ఏంటే ఆ మొహం? ఇష్టం లేకపోతే మానెయ్యి" అంది. ఎలా మానేస్తాను... తారకను ఇంకొకరు వేస్తే చూడగలనా?

ఆ సాయంత్రం గల్లీ అంతా కుర్చీలే. రాక్షసుడి వేషంలో బబ్లూ నన్ను చున్నీతో మండపం వెదురుబొంగుకి కట్టేశాడు. "తమ్ముడూ, కాపాడూ!" అని అరిచాను. వెనక ఎత్తు స్టూలు మీద శ్రీకాంత్. భుజాలకి పిన్నీసులతో వాళ్ళమ్మ ఎర్ర దుప్పటి. చేతులు చాచి దూకబోయాడు...

దుప్పటి అంచు వెనక బొంగుకున్న మేకుకి చిక్కుకుంది. స్టూలు ఊగడం మొదలుపెట్టింది. వాడు ముందుకీ రాలేడు, వెనక్కీ పోలేడు. మొహం తెల్లబోయింది.

"అనూ... జర పట్టుకోవే... పడ్తున్న!"

బబ్లూ నోరు తెరిచి చూస్తున్నాడు. వాడు వేసిన ముడులు ఎంతలే... రెండు గుంజులు గుంజి చేతులు విడిపించుకుని పరిగెత్తాను. ఒక చేత్తో స్టూలు పట్టుకుని, ఇంకో చేత్తో దుప్పటి లాగాను. మేకు వదిలింది. గగనవీర అమాంతం నా భుజం మీద వాలిపోయాడు!

ఎదురుగా జనం కనబడేసరికి పాపం వాడికి డైలాగు గుర్తొచ్చింది. గొంతెత్తి, "భయపడకక్కా, నేనొచ్చాను!" అన్నాడు.

"వచ్చావులే నాయనా, ముందు కిందికి దిగు!" అన్నాను.

గల్లీ గొల్లుమంది! పిన్నిగార్లు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. మల్లేశన్న మైకులో, "అరె వా, గిదిరా నాటకమంటే! ఇంకోపారి ఎయ్యిండ్రి!" అని కేకేశాడు. రాక్షసుడు కూడా కింద కూలబడి నవ్వుతున్నాడు.

తర్వాత మండపం వెనక పులిహోర తింటుంటే, శ్రీకాంత్ మెల్లగా పక్కన చేరాడు. "పుస్తకమే కరెక్టు. గని బళ్ళె ఎవ్వలకు జెప్పకే" అన్నాడు.

"ముందైతే ఆదివారం నా జాగా నాకియ్యి" అన్నాను.

ఇచ్చాడు. టీవీకి ఎదురుగా, తన పక్కనే. సీరియల్లో తారకను మళ్ళీ కట్టేశారు. నేను నోరు తెరిచేలోపే వాడు, "గింత ఏడుపెందుకక్కా, కట్లిప్పుకొని లెవ్వు!" అని టీవీ మీద అరిచాడు. రెండు పార్టీలూ కలిసి నవ్వాం...

ఇప్పుడు మా అమ్మాయి ఫోన్లో ఇలాంటి గొడవలే పడుతుంది. కామిక్స్‌లో అలా ఉంటే సిరీస్‌లో ఇలా ఎందుకు తీశారని... అవతలివాళ్ళది ఏ ఊరో, మొహం ఎలా ఉంటుందో తెలియదు. కోపం వస్తే బ్లాక్ చేసేస్తుంది. మాకు ఆ వీలు లేదు... ఎంత కొట్టుకున్నా అదే చాప, అదే టీవీ, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర.

మీ గల్లీలో ఏ వీరుడి కోసం కొట్టుకున్నారు? ఎవరితో? వాళ్ళ పేరు కింద రాయండి... చూసి మళ్ళీ గొడవకి వస్తారేమో!