ఎంత వేడిమీద?

మా వేణుగోపాల్ సారుకు లోకంలో ఏం జరిగినా ఒకటే ప్రశ్న: "ఎంత వేడిమీద?"

హిందూపురం దగ్గర మా ఫ్యాక్టరీలో అల్యూమినియంలో ఇసుకకన్నా గట్టిగా ఉండే సన్న పలుకులు కలిపి, కాల్చి, ప్రెస్సులో నొక్కి కడ్డీలు తీసి, మళ్ళీ కాలుస్తాం. వాటిని కోసి, నునుపు చేసి, మైక్రోస్కోపులో చూసి పెదవి విరవడం సారు ఉద్యోగం. నేను ఆయన అసిస్టెంటును.

టీ ఇస్తే "ఎంత వేడిమీద దించినావు?" అంటారు. ఆఫీసులో సుధక్క మొగుడితో గొడవపడి ఏడుస్తూ వస్తే, "ఎంత వేడిమీద అన్నాడమ్మా ఆ మాట?" అన్నారు.

"చల్లగానే అన్నాడు సార్."

"అట్లయితే లోపల చిట్లుంటాది," అని నిట్టూర్చారు. ఆమె ఇంకాస్త ఏడ్చింది. ఓదార్చడం ఆయనకు చేతకాదు.

ఈ ఏడాది మాకు నవ్వే పరిస్థితి లేదు. ఆర్డర్లు తగ్గాయి, ఒక షెడ్డుకు తాళం పడింది. దానికి తోడు బెంగళూరుకు పంపిన కడ్డీలు విరిగి వెనక్కొచ్చాయి. ప్రెస్సు నడిపే లింగప్పను తీసేస్తానన్నాడు మేనేజరు సురేంద్ర. లింగప్ప పెనుకొండ నుంచి చీకటితోనే రైలెక్కి వచ్చే మనిషి. భార్య పోయిన దుఃఖంలోంచి ఇంకా తేరుకోలేదు. ఈ పనీ పోతే ఏమైపోతాడోనని నాకు దిగులు పట్టుకుంది.

సారు విరిగిన కడ్డీని పరీక్షించి లింగప్పను పిలిచారు.

"వేడి చాలినంత ఉంటే, నొక్కినప్పుడు పలుకుల చుట్టూ లోహం సర్దుకుంటాదప్పా. చాలకపోతే ఒత్తిడంతా ఆడే పేరుకుంటాది. మళ్ళా కాల్చినప్పుడు ఆడ మాత్రం లోహంలో సన్న రేణువులు కొత్తగా పుడతాయి. ఈ కడ్డీలో అదే జరిగింది. పలుకులు కూడా చిట్లినాయి, అందుకే విరిగింది. ఎంత వేడిమీద నొక్కినావు?"

లింగప్ప తల వంచుకున్నాడు. "ఫర్నేసు తలుపు రవ్వంత తెరిచి, ఆ సందులో రాగిసంగటి డబ్బా పెట్టుకుంటాండా సార్. తెల్లారకముందే చేసుకొచ్చేది, మధ్యాన్నానికి గొంతు దిగదు. నా పెండ్లాం మారక్క ఉన్నప్పుడు సల్లంది తిన్నోణ్ణి కాదు."

నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"తప్పెవరిది?" అన్నాడు సురేంద్ర మీటింగులో.

"ఫర్నేసు వేడి తగ్గింది. వేడి చూసుకునేది నా పని. చూసుకోలేదు," అన్నారు సారు.

"పొద్దస్తమానం అదే కదా అడుగుతా ఉంటావు?"

"ఆ పొద్దు అడగలేదు."

సారు జీతం పెరగాల్సింది, పెరగలేదు. ధర్మవరంలో కట్టుకుంటున్న ఇల్లు గోడల దగ్గరే ఆగిపోయింది. లింగప్ప పని మాత్రం నిలిచింది.

మర్నాడు సారు లింగప్పను మా ల్యాబుకు పిలిచి, నమూనాలు ఆరబెట్టే చిన్న ఓవెన్ తలుపు తీశారు.

"ఇంక ఫర్నేసు జోలికి పోవద్దు. డబ్బా రోజూ ఈడ పెట్టు."

లింగప్ప కళ్ళు తుడుచుకున్నాడు. "మీ రుణం ఎట్ల తీర్చుకునేది సార్?"

"సంగటిలోకి ఏం తెచ్చినావు?"

"చెనిక్కాయల ఊరిబిండి."

సారు కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. "రేపట్నుంచి రెండు ముద్దలు ఎక్కువ తీసుకురా. ఈ పాపకూ పెడదాం," అని నన్ను చూపించారు.

ల్యాబులో తిండి తినరాదని గోడకు బోర్డు పెట్టించింది ఈ సారే. నేను లేచి దాన్ని గోడవైపుకు తిప్పి, చేతులు కడుక్కుని వచ్చాను.