ఫోటోలాయన కంప్యూటర్

స్టూడియోకి ఏదో పేరుంది గానీ అందరికీ ఆయన ఫోటోలాయనే. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, తెర మీది మొహాన్ని "కాస్త నవ్వమ్మా" అని బతిమాలడం ఆయన అలవాటు. ఆ మనిషి ఎప్పుడో ఇంటికి వెళ్లిపోయినా సరే. తీసిన ఏ ఫోటోనీ చెరిపేవాడు కాదు. "ఆ పాత చెత్తంతా ఎందుకండీ?" అని భార్య సాధిస్తే, "మనుషుల మొహాలు చెత్తెలా అవుతాయే?" అనేవాడు. మొన్న అప్‌డేట్ అయ్యాక ఆ కంప్యూటర్ నత్తయిపోయింది. ఒక్క ఫోటో తెరుచుకునేలోపు వచ్చినవాళ్లు విసుక్కుని ఎదురు కొట్టుకి పోతున్నారు. ఆపి మళ్లీ వేశాడు, వైర్లు పీకి గుచ్చాడు, మూత విప్పి దుమ్ము ఊదాడు, చివరికి దండం కూడా పెట్టాడు. రిపేరతను ఫోన్లో, "ఉన్న చోటంతా అప్‌డేటే మింగేసింది గురువుగారూ, పాతవి తీసేస్తేగానీ కదలదు" అన్నాడు. ఇవాళ పొద్దున పళ్లు బిగబట్టి పాత ఫోటోలన్నీ తీసేశాడు, తెర మీది చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. కంప్యూటర్ లేడిపిల్లలా లేచింది.

టీ ఒక గుక్క తాగాడో లేదో, పక్క వీధిలో బట్టలు కుట్టే అమ్మాయి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. "బాబాయ్, అమ్మ పోయింది. ఇంట్లో తనది ఒక్క ఫోటో కూడా లేదు. అప్పుడెప్పుడో మీ దగ్గర తీయించుకుందిగా, మీరైతే దాచే ఉంటారు." ఫోటోలాయన కళ్లజోడు కిందికి దించుకుని, కంప్యూటర్లో వాళ్లమ్మ పేరు కొట్టి వెతికాడు. రెప్పపాటులో లేదంది. మళ్లీ కొట్టాడు. "నెమ్మదిగా చూడండి బాబాయ్, ఎంతసేపైనా ఉంటాను" అంది అమ్మాయి, బల్ల అంచు పట్టుకుని. ఆయన ఇంకోసారి కొట్టాడు. రెప్పపాటులో లేదంది.