కొండ మీద నేను ఎత్తుకున్న పాట

మా గుడివాడ చుట్టుపక్కల ఎత్తంటే కాలవ గట్టే. అందుకే తొంభైల చివర్లో మా చర్చి సంఘం ఆడవాళ్లమంతా పాస్టరుగారితో కలిసి బస్సు మాట్లాడుకుని, బెజవాడ అవతల కొండ మీద పాడుబడ్డ పాత చర్చి చూడ్డానికి వెళ్తే, సగం ఎక్కేసరికే అందరికీ మోకాళ్లు పట్టేశాయి. నాకు ఆయాసంతో పాటు కడుపుమంట కూడా. అందరికన్నా ముందు చకచకా ఎక్కుతున్నది మా తోటికోడలు మరి.

మా మరిది భార్య. బందరు పిల్ల, పెళ్లై వచ్చి రెండేళ్లు. అంతకుముందు పదకొండేళ్ల పాటు మా గుళ్లో పాట ఎత్తుకున్నది నేను. మాకు హార్మోనియం లేదు. ఒకరు పల్లవి మొదటి వరస ఒంటిగా పాడితే, రెండో వరస నుంచి సంఘమంతా అందుకుంటుంది. పాట ఎత్తుకునే మనిషంటే గుళ్లో అందరికీ గౌరవం. ముందు చాప మీద నా చోట్లో ఎవరూ కూర్చునేవారు కాదు.

ఈ పిల్ల కోతకాలపు పండగకి ఒక్క పాట పాడింది. అప్పట్నుంచీ పాట అనగానే పాస్టరుగారి చూపు నన్ను దాటి వెనక చాప మీదికి వెళ్లేది. పైగా అందరూ నా దగ్గరికే వచ్చి, "మీ తోటికోడలి గొంతు ఎంత బావుందండీ" అనేవారు. "అవునండీ" అని నవ్వి, ఇంటికెళ్లి గిన్నెలు విసిరేదాన్ని. ఆ పిల్ల పాడటం రాని మనిషైతే ఇంత బాధ ఉండేది కాదు. నాకూ చెవులున్నాయి కదా.

కొండ మీద కప్పు లేని గోడలు మిగిలాయి, అవీ సగం కూలినవి. రొట్టె, ద్రాక్షరసం పెట్టే బల్ల ఉండాల్సిన చోట సీతాఫలం పొదలు, నేలంతా మేకల పెంటికలు. దొరలు కట్టించారని ఒకరు, దొరల కన్నా ముందుదని ఇంకొకరు వాదించుకున్నారు. పాస్టరుగారు చెప్పులు విప్పితే మేమూ విప్పి, ఆ కాలే రాళ్ల మీద గెంతుతూ నిలబడ్డాం. ఇక్కడ ఎవరెవరు మోకరించారో అని అందరూ అనుకుంటున్నారు. నేను మాత్రం పాస్టరుగారి కళ్లనే చూస్తున్నాను.

"ఈ గోడలు పాట విని ఎన్నేళ్లయిందో. ఒక పాట పాడుకుందామమ్మా" అంటూ ఆయన తోటికోడలి వైపు తిరిగారు. ఆ పిల్ల నోరు తెరిచేలోపే నేను ఎత్తేసుకున్నాను.

ఆయాసంలో, కోపంలో, పల్లవే తారస్థాయిలో ఎత్తాను. ఇంక అంతకన్నా పైకి వెళ్లాల్సిన చరణం ఎక్కడికి పోతుంది? పాట ఎత్తుకునేవాళ్లు చరణం చూసుకుని పల్లవి మొదలుపెట్టాలని పదకొండేళ్లు ఊరందరికీ చెప్పిన మనిషిని. రెండో వరస ఒక్కరూ అందుకోలేదు. నా గొంతు జీరపోయి, తర్వాత అసలు ఆగిపోయింది.

అప్పుడు తోటికోడలు నా వైపు చూడకుండానే, అసలు వరసే ఇదన్నట్టు, కింది శ్రుతిలో రెండో వరస అందుకుంది. అందరూ కలిశారు. పాట చక్కగా అయిపోయింది.

"ఎంత ఎక్కాం కదక్కా, నేనే ఎత్తుకుని ఉంటే అసలు నోరే పెగిలేది కాదు" అంది తోటికోడలు, నలుగురికీ వినపడేలా. అందరూ తలూపారు. తను ఎగతాళిగా ఒక్క నవ్వు నవ్వి ఉంటే బాగుండేది. తిట్టుకోడానికి నాకంటూ ఒక కారణం దొరికేది.

తర్వాతి ఆదివారం పాస్టరుగారు పాట అనగానే వెనక చాప వైపు చూశారు. తోటికోడలు తల వంచుకుని పాటల పుస్తకం తిరగేస్తూ కూర్చుంది, ఎంతకీ తల ఎత్తలేదు. ఆయన చూపు నా దగ్గరికి వచ్చింది. నేను ఎత్తుకున్నాను, ఈసారి సరైన శ్రుతిలోనే.

ఇప్పటికీ మా గుళ్లో పాట ఎత్తుకునేది నేనే. తను ఎత్తుకోనిస్తోంది కాబట్టి. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు, అందుకే తనని ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.