నేను దాటించని మాట

ఫిర్యాదు చెప్పుకోవడానికి వచ్చినవాళ్లను మా ముదీర్ ముందుగా ఏమీ అడిగేవాడు కాదు. ముదీర్ అంటే మా సెక్యూరిటీ ఆఫీసు పెద్ద. మస్కట్‌లో పోలీసు ఉద్యోగం చేసి రిటైరై, సలాలా వచ్చి, రైసూత్ దారిలో ఉన్న ఆ కాలేజీ ఆవరణ బాధ్యత తీసుకున్న ఒమానీ. వచ్చినవాళ్లను తలుపు కనబడే కుర్చీలో కూర్చోబెట్టేవాడు. తలుపు తెరిచే ఉండాలి. ఖర్జూరాలు ముందు పెట్టి, చిన్న కప్పులో కహ్వా, అంటే అరబ్బు కాఫీ, తానే పోసి ఇచ్చేవాడు. వాళ్లు రెండు గుక్కలు తాగేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాడు. ఆ తర్వాతే "బోలో" అనేవాడు. అంతా విన్నాక "ఔర్ కుచ్?" అనేవాడు, ఇంకేమైనా మిగిలిందా అని.

పేరుకు నేను గార్డును. నిజామాబాద్ వైపు పుట్టినవాణ్ణి కాబట్టి ఉర్దూ వచ్చు. ముదీర్‌కు మస్కట్ బజార్లలో నేర్చిన హిందీ వచ్చు. అందుకని తెలుగువాళ్లు ఎవరొచ్చినా నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. నేను చెప్పింది అరబీలో రాసుకునేవాడు.

ఆయన పెట్టిన పద్ధతులు ఇంకొన్ని ఉన్నాయి. ఫిర్యాదు తేలేదాకా ఆ మనిషికి ఒక గార్డు తోడుండాలి. దాన్ని మేము తోడు డ్యూటీ అనేవాళ్లం. సాక్షి ఏదైనా కంపెనీ కూలీ అయితే ముదీర్ తానే ఆ కంపెనీకి వెళ్లి, అతని పాస్‌పోర్ట్ తన దగ్గరికి తెచ్చుకుని, అతన్ని కాలేజీ పనిలోకి మార్పించేవాడు. ఇదంతా నాకు తెలుసు. ఆయన వెనకే తిరిగి చూసినవాణ్ణి.

తొంభైల మొదట్లో ఒక వానాకాలం. సలాలాలో ఆ రోజుల్లో వాన కురిసినట్టుండదు, మంచు తడిపినట్టుంటుంది. పది అడుగుల అవతల మనిషి కనబడడు. ఒక మధ్యాహ్నం మా క్యాంపస్ ఆసుపత్రి నర్సు ఒకామె ఆఫీసుకు వచ్చింది. కోస్తా అమ్మాయి. శుక్రవారం అక్కడ సెలవు, ఆ రోజు నర్సుల హాస్టల్లో ప్రార్థన చదివేది ఆమే. యూనిఫాం చెయ్యి భుజం దగ్గర చిరిగి ఉంది. తెగిన గొలుసు పిడికిట్లో ఉంది, దాని సిలువ వేళ్ల మధ్య నుంచి బయటికి కనబడుతోంది.

కహ్వా సగం తాగి నావైపు తిరిగింది.

"ఇంగ్లీషులో చెప్దామంటే సారుకి రాదంట, నాకు హిందీ రాదన్నయ్యా. మీరు చెప్పండి. నేను అన్నది అన్నట్టే చెప్పండి."

చెప్పింది. మెస్, బస్సులు, తోటపని చూసే కంపెనీలో కూలీల మీద పెత్తనం చేసే క్యాంప్ బాస్ లాండ్రీ వెనక సందులో అడ్డం వచ్చాడు. చెయ్యి పట్టుకున్నాడు. గోడకు అదిమి నోరు మూశాడు. తోటమాలి ఒకడు చూసి అరిస్తే పారిపోయాడు. "ఇది మొదటిసారి కాదన్నయ్యా. బస్సు దగ్గర కూడా చేతులేస్తాడు. అతన్ని ఈ కాంపౌండులోంచి పంపించెయ్యమనండి. నేనిక్కడ ఉద్యోగం చేసుకోవాలి."

ఆ క్యాంప్ బాస్ మా జిల్లావాడు. మా బామ్మర్ది వీసా అతని చేతిలో ఉంది. ఇంటి దగ్గర నా భార్య తమ్ముడి ప్రయాణానికి సూట్‌కేసు కూడా కొని పెట్టింది.

నేను ముదీర్‌తో, సందులో మాటా మాటా పెరిగిందని, అతను బూతులు తిట్టాడని, ఆ గొడవలో గొలుసు తెగిందని చెప్పాను. ఆడపిల్ల పరువు, నలుగురి నోళ్లలో పడకూడదు అని నాకు నేను చెప్పుకున్నాను. పరువు సంగతి ఆమె నన్ను అడగలేదు.

ముదీర్ ఆమె భుజం వైపు చూపించాడు. "యే?"

"తలుపు మేకు పట్టుకుని చిరిగింది" అన్నాను.

"ఔర్ కుచ్?"

"ఖలాస్" అన్నాను.

ఆయన రాసిన అరబీ కింద ఆమె సంతకం పెట్టింది. పెట్టి, "థాంక్సన్నయ్యా" అంది.

తోటమాలిని తీసుకురమ్మని ముదీర్ నన్నే పంపాడు. జగిత్యాల వైపువాడు. రూమ్ బయట తడి బూట్లు విప్పుతున్నాడు.

"అన్నా, నేను సూసిన" అన్నాడు నేను అడగకముందే. "గోడకు ఒత్తిండు ఆ పిల్లను. పార ఎత్తి ఒర్లితే ఉరికిండు. కుక్క ఉరికినట్టు ఉరికిండే!"

"నీ పాస్‌పోర్ట్ ఎవని దగ్గరున్నది తమ్మీ?"

"ఆని బీరువలనే. అందరియీ ఆడనే గద."

"మరి సోంచాయించుకో."

బూటు చేత్తో పట్టుకుని ఆగాడు. "మీ ముదీర్ సాబ్ మంచోడంటరు. ఆయన అడ్డంబడడా?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. "పని అయిపోయినంక మనమెవరమో ఆయనకు యాదుంటదా?" అన్నాను.

అతను నన్ను కిందినుంచి మీదికి చూసి నవ్వాడు. "అంటే గుడ్డోని లెక్క చెట్లకు నీళ్లు పోసుకోమంటవ్. గట్లనే. మీ జిల్లావోడే గదనే ఆడు."

ఆఫీసుకొచ్చి, మంచులో ఏమీ కనబడలేదని, ఎవరో అరిస్తే తానూ అరిచానని చెప్పాడు. ముదీర్ అతనికీ కహ్వా పోశాడు. అతను తాగలేదు.

తిట్టిన నేరానికి క్యాంప్ బాస్‌ను పిలిచి హెచ్చరించారు. అతను తలవంచుకుని క్షమాపణ చెప్పాడు. తోడు డ్యూటీ కొన్నాళ్లుండి ఆగిపోయింది. నర్సు నన్ను ఆసుపత్రి మెట్ల దగ్గర పట్టుకుంది.

"అన్నయ్యా, అతనింకా మెస్సులోనే ఉన్నాడేంటి? నిన్న నా ప్లేటు తనే అందించాడు. నవ్వుతూ. నేను చెప్పిందంతా చెప్పారా?"

"చెప్పిన చెల్లె. వీళ్ల రూల్సే గంత."

నమ్మింది. మెస్సుకు వెళ్లడం మానేసింది. రూమ్‌లో బ్రెడ్డు తిని డ్యూటీకి వస్తోందని, బస్సెక్కకుండా ఆ తుంపరలో నడిచి వస్తోందని తోటి నర్సులు చెప్పుకునేవాళ్లు. గేటు దగ్గర తడిసిన ఆమె తెల్ల బూట్లు చూసి నేను తల తిప్పుకునేవాణ్ణి.

ఆమె ఆ రోజుల్లో వార్డు ఆయాల దగ్గర కూర్చుని హిందీ నేర్చుకుంటోందని నాకు తెలియదు. మంచు విడిపోయి ఎండ వచ్చాక ఒక ఉదయం ఆఫీసుకు వచ్చింది. నన్ను చూసి, "మీరు అక్కర్లేదు" అంది. ముదీర్ ఎదుట కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

"ఉస్నే మేరా హాథ్ పకడా. దీవార్ మే దబాయా. ముహ్ బంద్ కియా."

మాటలు అటూ ఇటూ అయ్యాయి. అర్థం మాత్రం ఎక్కడా తప్పలేదు. ముదీర్ పెన్ను కింద పెట్టేశాడు. ఆమె ఆగాక, అలవాటుగా "ఔర్ కుచ్?" అని మెల్లగా అడిగాడు. ఆమె నన్ను చూపించి, "ఇస్ కో సబ్ బోలా థా" అంది. ఇతనికి అన్నీ చెప్పాను అని.

ఆయన నన్ను తిట్టలేదు. తోటమాలిని తెమ్మన్నాడు. వాడు లేడని చెప్పాల్సి వచ్చింది. ఏమీ చూడలేదని చెప్పినా క్యాంప్ బాస్ వాణ్ణి వదల్లేదు. అప్పటికే వీసా క్యాన్సిల్ చేసి ఇండియాకు ఎక్కించేశాడు. ముదీర్ కంపెనీకి వెళ్లాడు, పోలీసులకు రాశాడు. అక్కడివాళ్లు పాత స్టేట్‌మెంట్ తీసి చూపించారట. తిట్టాడనే ఉంది, కింద ఆమె సంతకం ఉంది, సాక్షి ఏమీ చూడలేదన్నాడు. ఇప్పుడు కొత్త మాట ఎందుకు అన్నారట. క్యాంప్ బాస్ కదల్లేదు.

నన్ను గేటు డ్యూటీకి మార్చారు. ముదీర్ వెళ్తూ వస్తూ నా సలాముకు సలాము చెప్పేవాడు. అంతే.

ఆమె ఉద్యోగం మానేసింది. వెళ్లే రోజు ముదీర్ ఎయిర్‌పోర్టుదాకా తోడు డ్యూటీ వేశాడు. వ్యాను గేటు దగ్గర ఆగింది. వెళ్లిపోయేవాళ్ల క్యాంపస్ పాసు గేటులో ఇచ్చేయాలి. ఆమె కిటికీలోంచి పాసు అందించింది. తీసుకుని, "చెల్లె" అన్నాను.

ఆమె డ్రైవర్ వైపు తిరిగింది. "చలో భాయ్" అంది.

నేను గేటు ఎత్తాను.

మా బామ్మర్ది ఆ చలికాలంలో దిగాడు. క్యాంప్ బాస్ ఇచ్చిన మంచం మీద పడుకుని, అతని మెస్సులోనే తిన్నాడు. శుక్రవారాలు నన్నూ భోజనానికి పిలిచేవాడు. వెళ్లేవాణ్ణి. అన్నం వడ్డించేది క్యాంప్ బాసే. "ఇంక కొంచెం వెయ్యాల్నా అన్నా?" అని అడిగేవాడు.

నేను ప్లేటు ముందుకు జరిపేవాణ్ణి. వేసిందంతా తినేవాణ్ణి.